ఉమ్మడి సంచి

శ్రీలంకలో క్యాండీ చెరువుకు దగ్గర్లో ఒక చిన్న హోటల్. రాత్రి భోజనానికి కూర్చున్నాక, కాకినాడ నుంచి వచ్చిన నలుగురు స్నేహితురాళ్లలో ముగ్గురు కొత్తు రొట్టీ చెప్పారు. రొట్టె ముక్కల్ని కూరగాయలతో, గుడ్డుతో కలిపి, పెనం మీద రెండు ఇనుప రేకులతో టకటకా కొట్టి చేస్తారు దాన్ని. ఆ చప్పుడు వీధి మలుపు దాకా వినిపిస్తుంది. నాలుగో ఆమె మాత్రం టీ తాగి, "ఆకలి లేదే" అంది. ముందు రోజు రాత్రి కూడా అదే మాట.

బ్యాంకులో పనిచేసే స్నేహితురాలు చప్పున పర్సు తీసి బిల్లు కట్టేసింది. "తర్వాత చూసుకుందాంలే!" అంది. విమానం దిగినప్పటి నుంచీ వ్యాన్‌కీ, టిక్కెట్లకీ, కొబ్బరి బోండాలకీ ఆమె అలాగే కడుతోంది. పెద్ద మనసుతోనే కడుతోంది.

గదికొచ్చాక టీచరు స్నేహితురాలు తలుపు దగ్గరగా వేసి అడిగింది. "అసలు సంగతేంటో చెప్పవే." కుట్టు మిషన్ల షాపు నడుపుకునే ఆ నాలుగో ఆమె కాసేపు దుప్పటి అంచు సర్దుతూ కూర్చుంది. తర్వాత చెప్పింది. "ఎవరెంత పెడుతున్నారో నాకు తెలీడం లేదు. ఇంటికెళ్లాక ఎంత ఇవ్వాలో తెలీకుండా నాకు ముద్ద దిగట్లేదు."

ఇంటర్ నుంచి ముప్పై ఏళ్ల స్నేహం వాళ్లది. పెళ్లిళ్లకూ పురుళ్లకూ ఒకరికొకరు నిలబడ్డవాళ్లు. అయినా డబ్బు సంగతి ఇలా ముఖాముఖి మాట్లాడుకోవడం అదే మొదటిసారి. మందులు పెట్టుకున్న జిప్ సంచీని మంచం మీద బోర్లించి ఖాళీ చేశారు. తలా ఇరవై వేల శ్రీలంక రూపాయలు అందులో వేశారు. మన రూపాయికి అక్కడ మూడుకు పైగా వస్తాయి కాబట్టి అది కనిపించినంత పెద్ద మొత్తం కాదు. తిండి, బండి, టిక్కెట్టు సంచీలోంచి. చీరలూ, ఇంటికి కొనే కానుకలూ ఎవరివి వాళ్లవి. సంచీ రోజుకొకరి చేతిలో ఉంటుంది, ఆ రోజు లెక్క వాళ్లే రాయాలి. అప్పటిదాకా జరిగిన ఖర్చు కూడా గుర్తు తెచ్చుకుని నాలుగు వాటాలు వేశారు. ఆ పని ముగిసేసరికి రాత్రి పదకొండు. కుట్టు షాపు ఆమె అప్పుడు బిస్కెట్ ప్యాకెట్ విప్పి సగం తినేసింది.

స్నేహితులతో కలిసి ప్రయాణం చేయడం ఒక విద్య. వంటలాగా, కుట్టులాగా చేతికి అలవాటు కావాల్సిన పని. ఎంత దగ్గరి స్నేహమైనా అది ఉన్నపళంగా రాదు. ఊళ్లో ఉన్నప్పుడు ఎవరి ఇల్లు వాళ్లది, ఎవరి పర్సు వాళ్లది, అలిగితే రెండు రోజులు ఫోన్ చేయకుండా ఉండొచ్చు. పరాయి దేశంలో ఒకే గది, ఒకే వ్యాను, ఒకే బిల్లు. 2024 ఫిబ్రవరి నుంచి శ్రీలంకలో యూపీఐ కూడా పనిచేస్తోంది. కట్టడం సులువయ్యింది కానీ, ఎవరు కట్టాలో అది చెప్పదు.

ఈ ప్రయాణానికి మొదటి అడ్డు పాస్‌పోర్టు దగ్గరే వచ్చింది. పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తి పేరు. తెలుగువాళ్లం ఇంటిపేరు ముందు రాస్తాం. దరఖాస్తులో పేరుకో గడి, ఇంటిపేరుకో గడి. నలుగురిలో ఇద్దరు రెండేసి సార్లు తిరగాల్సి వచ్చింది. మన పెళ్లైన ఆడవాళ్లలో చాలామందికి విదేశం మొదలయ్యేది ఈ రెండు గడుల దగ్గరే. వెళ్లాలనుకునేవాళ్లు ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి ముందే చూసుకుంటే నెలలు కలిసొస్తాయి.

కాకినాడ నుంచి చెన్నైకి రైల్లో ఒక రాత్రంతా పట్టింది. చెన్నై నుంచి కొలంబోకు విమానంలో గంటన్నర కూడా పట్టలేదు. గడియారాలు తిప్పుకునే పని కూడా లేదు, రెండు దేశాలదీ ఒకే సమయం.

సిగిరియా కొండ దగ్గర రెండో పాఠం. క్యాండీకి ముందు రోజు సంగతి అది. చుట్టూ చదునైన అడవి, మధ్యలో దాదాపు 180 మీటర్ల ఎత్తున నిటారుగా లేచిన రాయి. తండ్రి ధాతుసేనుణ్ని చంపి గద్దెనెక్కిన కశ్యపుడు అయిదో శతాబ్దంలో దాని నెత్తిన కోట కట్టుకున్నాడు. పైకి దాదాపు 1,200 మెట్లు. సగం పైన ఒక తిన్నె వస్తుంది. అక్కడ రాతి గుట్టలోంచి చొచ్చుకొచ్చినట్టు రెండు పెద్ద సింహపు పాదాలు, గోళ్లతో సహా ఉంటాయి. పైనుండాల్సిన సింహం ఎప్పుడో కూలిపోయింది. ఆ పాదాల మధ్య నుంచి రాతికి అతుక్కున్నట్టున్న ఇనుప మెట్లు మొదలవుతాయి.

ఎల్‌ఐసీ ఏజెంటుగా పనిచేసే మూడో స్నేహితురాలికి మోకాళ్ల నొప్పి. ఆమె అక్కడ ఆగిపోయింది. "ఇంత దూరం వచ్చి ఆగిపోతావా? పట్టుకుని ఎక్కిస్తాం, పదవే" అని మిగతావాళ్లు చేతులు పట్టుకున్నారు. ప్రేమతోనే లాగారు. కానీ ఆ ప్రేమ తప్పు. మోకాలు ఆమెది, ఎక్కడ ఆగాలో చెప్పాల్సిందీ ఆమే. చివరికి, "గంట తర్వాత ఈ కుడి పాదం దగ్గర కలుద్దాం" అని చోటు, సమయం ఖాయం చేసుకుని విడిపోయారు. ఆ గంటా ఆమె నీడన కూర్చుని ఒక సింహళ ముసలమ్మతో మాట్లాడింది. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. అరటిపండు మాత్రం ఉంది.

ఆ పాదాలకు ముందే దారిలో అద్దపు గోడ వస్తుంది. ఒకప్పుడు ముఖం కనిపించేంత నున్నగా మెరిసేదంటారు. వెయ్యేళ్లకు పైబడిన కాలం నుంచీ ఆ కొండ చూడటానికి వచ్చిన యాత్రికులు దాని మీద చిన్న చిన్న పద్యాలు గీసి వెళ్లారు. భిక్షువులు రాశారు, ఆడవాళ్లు రాశారు. శ్రీలంక పురావస్తు శాస్త్రజ్ఞుడు సేనరత్ పరణవితాన వాటిలో 685 పద్యాల్ని చదివి 1956లో అచ్చువేశారు. ఇప్పుడు గోడ మీద చెయ్యి కూడా వేయనివ్వరు, మంచి పని. టీచరు ఆ గోడ ముందు చాలాసేపు నిలబడింది.

చూసింది ఇలా రాసిపెట్టి చెప్పుకోవడం మనకూ పాతదే. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, దారి పొడవునా చూసిందంతా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లైకి రాసి పంపేవాడు. వాటిని ఆ మిత్రుడే కూర్చి 1838లో పుస్తకంగా తెచ్చాడు. కాశీయాత్ర చరిత్ర అలా ఒక స్నేహం వల్ల మనకు దక్కింది.

సంచీ వచ్చాక ప్రయాణం తేలికైంది. క్యాండీ చెరువు చుట్టూ నడుస్తూ దాన్ని తవ్వించిన రాజు కథ విన్నారు. క్యాండీ ఆఖరి రాజు శ్రీ విక్రమ రాజసింహుడు మధురై నాయకుల బంధువర్గం వాడు, తెలుగు మూలాలున్న వంశం. 1815లో ఇంగ్లీషువాళ్లు ఆయన్ని పట్టుకున్నారు, తర్వాత వేలూరుకు పంపేశారు, అక్కడే 1832లో పోయాడు. సింహళంలో అమ్మను అమ్మ అనే అంటారు, అక్కను అక్క అనే. బస్సు కండక్టరు "అక్కా" అని పిలిస్తే నలుగురూ ఒక్కసారే తల తిప్పారు. అనురాధపురం వైపు పాములాడించే అహికుంటకులు ఇంట్లో ఇప్పటికీ ఒక రకం తెలుగే మాట్లాడతారు. ఈసారి అటు వెళ్లే సమయం లేకపోయింది.

క్యాండీ నుంచి ఎల్లాకు రైలు. తేయాకు తోటల మీదుగా ఏడు గంటల దారి. కిటికీ సీట్లు రెండే దొరికితే గంటకోసారి మారుకున్నారు. ఆ వంతు పద్ధతి కూడా సంచీ నుంచి నేర్చుకున్నదే. ఎల్లా దగ్గర 1921 నాటి తొమ్మిది కమానుల వంతెన చూడటానికి అడవి దారిన దిగి, రైలు వచ్చేదాకా పట్టాల పక్కన గట్టు మీద కూర్చున్నారు. ఆ రోజు సంచీ కుట్టు షాపు ఆమె దగ్గరుంది. నలుగురికీ మొక్కజొన్న పొత్తులు కొంది. తనకు రెండు తీసుకుంది.

స్నేహితులతో మొదటిసారి దేశం దాటబోయేవాళ్లు టిక్కెట్లు కొనకముందే ఒక సాయంత్రం కూర్చుని డబ్బు సంగతి మాట్లాడుకోండి. గుంపులో అందరికంటే తక్కువ సంపాదించే మనిషికి ఎంత వీలవుతుందో అడగండి, లెక్క అక్కడి నుంచి మొదలుపెట్టండి.

ఆఖరి రోజు సంచీలో 1,340 శ్రీలంక రూపాయలు మిగిలాయి. విమానాశ్రయానికి వెళ్లే దారిలో ఆ డబ్బుతో టీ పొడి కొన్నారు. కాకినాడ వచ్చాక కుట్టు షాపులో కూర్చుని, చెంచాతో కొలిచి నాలుగు వాటాలు వేసుకున్నారు. జిప్ సంచీ, లెక్కల పుస్తకం ఆ షాపు సొరుగులోనే ఉన్నాయి.