ఓడ మీద నుంచి చెట్ల యోగక్షేమాలు

నూజివీడు, ఆగిరిపల్లి వైపు తోట ఉండి, తాము మాత్రం దూరదేశంలో ఉంటున్నవాళ్లు ధనుర్మాసంలో ఇంటికి ఫోన్ చేస్తే రెండో మాట పూత గురించే. “నాన్నా, పూత ఎలా ఉంది?” “బాగానే ఉందిరా.” అక్కడితో సరి. గట్టు మీది చిన్నరసాల సంగతేమిటి, బంగినపల్లికి తేనెమంచు పురుగు పట్టిందా అని విడదీసి అడిగేవాళ్లు తక్కువ. అడగడం కూడా ఒక విద్యే. అందులో ఆరితేరినవాడు కత్‌బర్ట్ కాలింగ్‌వుడ్.

ఈయన బ్రిటిష్ నౌకాదళ సేనాని. 1805 ట్రఫాల్గర్ యుద్ధంలో దళాధిపతి నెల్సన్ తర్వాతి స్థానం ఈయనదే. 1803లో ఓడెక్కాక మళ్లీ భార్య సారాను చూడలేదు. 1810 మార్చిలో, ఇంటికి బయలుదేరిన ఓడలోనే పోయాడు. ఆ ఏడేళ్ల సంసారం కాగితాల మీదే నడిచింది.

సముద్రం మీది ఉత్తరానికి కొన్ని పద్ధతులుండేవి. స్వదేశం వెళ్లే ఓడ దొరికేదాకా రోజుకింత రాసి పెట్టుకునేవారు. వెనకదీ ముందుదీ తారుమారుగా చేరతాయి కనుక కొందరు వరుస అంకెలు వేసేవారు. కాగితాల లెక్కన తపాలా రుసుం పడేది, అదీ తరచు అందుకున్నవాళ్లే కట్టాలి. అందుకే నిండిన పుటను అడ్డం తిప్పి, రాసిన దాని మీదే మళ్లీ రాసేవారు. చదివేవాళ్ల కళ్లకు ఎంత శిక్షో!

కాలింగ్‌వుడ్ గొప్పతనం ఈ పొదుపులో లేదు. 1806 జూన్ 16 వాళ్ల పెళ్లిరోజు. ఆనాటి ఉత్తరంలో తాను నాటిన చెట్లు ఎలా ఉన్నాయని అడిగాడు. మూడు ఓక్ చెట్ల కింద ఎండాకాలం కూర్చునేంత నీడ వచ్చిందా? నడకదారి పక్క పాప్లర్లు ఎదుగుతున్నాయా? అరుగు గోడ గట్టిగా నిలిచిందా? వీటికి “బాగానే ఉన్నాయి” అని రాస్తే చెల్లదు. సారా తోటలోకి వెళ్లి చూసి రావలసిందే. అదే ఉత్తరంలో కూతుళ్లకు గణితం, ఖగోళం నేర్పాలనీ రాశాడు. యుద్ధ వర్ణనలకంటే నాకు ఈ ప్రశ్నలే మిన్న. ఓడల కలపకు కరువు రాకూడదని జేబులో ఓక్ గింజలు పోసుకుని, నడిచినచోటల్లా నాటేవాడని ప్రతీతి. ఆయన అల్లుడు ఈ ఉత్తరాలను 1828లో అచ్చు వేయించాడు.

మనకూ ఇలాంటి కలం లేకపోలేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, దారిపొడుగునా చూసినది మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు రాసి పంపాడు. అదే ‘కాశీయాత్ర చరిత్ర’. తెలుగునేల రెండువందల ఏళ్ల కిందట ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే ఈనాటికీ ఆ పుస్తకమే తెరుస్తున్నాం.

నూజివీడు తోటల చరిత్ర అలా అచ్చయినట్టు నాకు తెలియదు. ఏ చెట్టు ఎవరు నాటారో, ఏ గాలివానకు ఏది కూలిందో, ఏ యేడు కౌలు ఎంత పలికిందో పాత కార్డుల్లో, ఇన్‌లాండ్ కవర్లలో ఉండి ఉంటుంది. మీ ఇంట్లో ఇనప తీగకు గుచ్చిన ఉత్తరాలు ఇంకా మిగిలి ఉంటే, చెదలు పట్టకముందే దించి చదవండి. పారేయకండి.