లేని కాగితాన్ని లేదనే చెప్పండి

ఈ వారం ఒక మాట విని ఒళ్ళు మండింది. అమెరికాలోని మా కొలంబస్‌లో పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకునే శరణార్థులకు, ఒక లాయరు పర్యవేక్షణలో, మేం కొందరం కాగితాలు సర్దిపెడుతుంటామని ఈ కాలమ్ చదివేవారికి తెలుసు. మొన్న శనివారం ఎరిత్రియా నుంచి వచ్చి అసైలం (ఆశ్రయం) పొందిన ఒక కుర్రాడు ఇంటర్వ్యూ నోటీసు పట్టుకొచ్చాడు. డబ్బు తీసుకుని ఫారాలు నింపిపెట్టే పెద్దమనిషి ఒకాయన అతనితో అన్నాడట: "పాస్‌పోర్టు లేకుండా వెళితే వెనక్కి పంపేస్తారు. ముందు మీ దేశం కాన్సులేటుకు వెళ్ళి కొత్తది తెచ్చుకో."

ఆ కుర్రాడు పారిపోయి వచ్చిందే ఆ ప్రభుత్వం నుంచి. ఎరిత్రియా కాన్సులేటులో పని కావాలంటే విదేశంలో సంపాదించిన దాంట్లో రెండు శాతం పన్ను కట్టమంటారు. సైనిక సేవ తప్పించుకుని వచ్చినవాళ్ళయితే, చేసింది నేరమని ఒప్పుకుంటూ పశ్చాత్తాప పత్రం మీద సంతకం పెట్టాలి. అన్నిటికీ ఒప్పుకుని ఆ పాస్‌పోర్టు తెచ్చుకుంటే, ఇక్కడి అధికారికి రాక తప్పని అనుమానం ఒకటుంది: ఎవరికి భయపడి వచ్చావో వాళ్ళ గుమ్మమే ఎలా ఎక్కావు? పౌరసత్వం ఇచ్చేముందు, అసలు అసైలం సక్రమంగానే దక్కిందా అని వెనక్కి తిరిగి చూసే అధికారం ఇక్కడి అధికారులకుంది. అక్కర్లేని కాగితం కోసం వెళ్ళి ఆ కుర్రాడు ఉన్న రక్షణకే ముప్పు తెచ్చుకోబోయాడు.

ఇంతకీ ఇంటర్వ్యూ గదిలోకి ఏం తీసుకెళ్ళాలి? ఇంటర్వ్యూ నోటీసు, గ్రీన్ కార్డు, రాష్ట్రం ఇచ్చిన ఫొటో గుర్తింపు కార్డు. పాస్‌పోర్టులు, శరణార్థి ప్రయాణ పత్రం ఉంటే గడువు తీరినవైనా సరే పట్టుకెళ్ళాలి. లేకపోతే లేవు, అంతే. పెళ్ళి, విడాకులు, పేరు మార్పు జరిగి ఉంటే వాటి పత్రాలు. పన్నుల ట్రాన్‌స్క్రిప్టులూ ఉండాలి, వాటిని ఐఆర్‌ఎస్ ఉచితంగానే ఇస్తుంది. ఎప్పుడైనా అరెస్టయి ఉంటే, కేసు కొట్టేసినా సరే, కోర్టు ధ్రువీకరించిన తుది ఉత్తర్వు కావాలి. పద్ధెనిమిదికీ ఇరవయ్యారుకీ మధ్య వయసులో ఇక్కడున్న మగపిల్లల పేరు సెలెక్టివ్ సర్వీసు అనే సైనిక జాబితాలో నమోదై ఉండాలి. శరణార్థులకూ అది తప్పదన్న సంగతి చాలా ఇళ్ళలో తెలియదు. ఇంగ్లీషులో లేని పత్రానికి పూర్తి అనువాదం, "నాకు ఈ పని చేయగల అర్హత ఉంది, ఇది సంపూర్ణం, సరైనది" అని అనువాదకుడి సంతకం ఉండాలి. నోటరీ ముద్ర ఉండాలని నిబంధనలో లేదు. ఆ ముద్ర పేరుతో డబ్బు గుంజేవాళ్ళు మాత్రం ఉన్నారు.

వీటిని ఎలా పేర్చాలన్నది నేను ఎప్పుడూ పాడే పాటే. పౌరసత్వ దరఖాస్తు అయిన ఎన్-400 ఫారంలో ప్రశ్నలు ఏ వరుసలో ఉంటాయో కాగితాలూ ఆ వరుసలోనే ఉండాలి. అధికారి ఫారం ముందు పెట్టుకుని ఒక్కో జవాబూ సరిచూసుకుంటూ వెళతారు. అడిగిన కాగితం వెంటనే చేతికి అందితే దరఖాస్తుదారు గొంతులో వణుకు తగ్గుతుంది.

మన తెలుగువాళ్ళు మంచి మనసుతోనే చెప్పే తప్పు సలహా ఇంకొకటుంది. ఉద్యోగం మీద వచ్చిన మనం గ్రీన్ కార్డు మంజూరైన రోజు నుంచి ఐదేళ్ళు లెక్కపెట్టుకుంటాం. శరణార్థికి ఆ లెక్క అమెరికాలో అడుగుపెట్టిన రోజు నుంచే మొదలవుతుంది. అసైలం పొందినవారికి గ్రీన్ కార్డు మంజూరైన తేదీకి ఏడాది వెనక నుంచి. కార్డు మీద "రెసిడెంట్ సిన్స్" అని ఉన్నచోట చూస్తే తెలుస్తుంది. ఐదేళ్ళు నిండటానికి 90 రోజుల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. మన లెక్క వాళ్ళకు చెప్పి అనవసరంగా ఆపినవాళ్ళం అవుతున్నాం.

కాగితాల మాట వస్తే నాకు విశాఖపట్నం కంచరపాలెంలోని బర్మా క్యాంపు గుర్తుకొస్తుంది. 1962లో బర్మాలో సైనిక నేత నె విన్ అధికారం చేజిక్కించుకుని, ఆ తర్వాత దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేశాక, తరాలుగా రంగూన్‌లో ఉన్న మనవాళ్ళు ఓడలెక్కి తిరిగొచ్చారు. మేం మామ్మ అని పిలిచే ఒకావిడ అలా వచ్చిందే. ఏటా వైశాఖంలో ట్రంకు పెట్టె వాకిట్లోకి తెచ్చి, కాగితాలన్నీ ఎండలో ఆరబెట్టి, మధ్యమధ్య వేపాకు పెట్టి మళ్ళీ సర్దేది. వాటిలో ఓడ టిక్కెట్టుండేది. 1964 మేలో అక్కడి ప్రభుత్వం ఒక్కసారిగా రద్దుచేసిన యాభై, వంద క్యాట్ల నోట్లుండేవి. అక్షరం ముక్క రాని మనిషి ఒక్క కాగితం కూడా నలగనిచ్చేది కాదు. ఏ కాగితమూ పారేయొద్దని నేను ఇన్నేళ్ళుగా మీ చెవిన ఇల్లుకట్టుకుని పోరుతున్నానంటే, ఆ పెట్టె చూసి పెరిగినందువల్లే.

వృద్ధాప్య పింఛనుకు పెట్టుకున్నప్పుడు ఆవిణ్ణి వయసు రుజువు అడిగారు. అంత పెట్టెలోనూ అదొక్కటే లేదు. వీధిలో ఒకాయన, బడి సర్టిఫికెట్టు ఒకటి పుట్టిస్తాను, అయిదు నిమిషాల పని అన్నాడు. మామ్మ వినలేదు. గుమాస్తాతో ఆవిడ చెప్పింది నేను పక్కనుండి విన్నాను. "రంగూను మీద జపానోళ్ళు బాంబులేసిన ఏడు నాకు పాలపళ్ళు ఊడతన్నాయి. అంతమట్టుకే తెలుసు బాబూ. తెలిసింది రాసుకో, తెలీంది నాచేత రాయించకు." అదే ఓడలో వచ్చిన ఇద్దరు పెద్దవాళ్ళు వచ్చి సాక్ష్యం చెప్పారు. పింఛను ఆలస్యమైంది, కానీ వచ్చింది.

మేం కాగితాలు సర్దిపెట్టే లైబ్రరీ గదికి ఎక్కువగా వచ్చేది భూటాన్ నుంచి వెళ్ళగొట్టబడ్డ, నేపాలీ మాట్లాడే కుటుంబాలు. 1988 జనాభా లెక్కల్లో వాళ్ళను అడిగింది 1958 నాటి పన్ను రసీదు. ముందటేడుదో మరుసటేడుదో చూపిస్తే చాలలేదు. రసీదు లేనివాళ్ళు తమ పొలంలోనే పరాయివాళ్ళయ్యారు. ఆ తర్వాత నేపాల్ తూర్పున ఝాపా, మోరంగ్ జిల్లాల శిబిరాల్లో పదిహేనేళ్ళకు పైగా గడిపి, 2008 నుంచి ఇక్కడికి రావడం మొదలుపెట్టారు. కాగితం పేరుతో దేశం పోగొట్టుకున్నవాళ్ళను మళ్ళీ కాగితాలు అడగడమేమిటి, ఈ జాబితాలే ఎత్తేయాలి అని ఈ వారం రాయాలనుకున్నాను.

రాయను. భూటాన్‌లో జరిగిన అన్యాయం కాగితం అడగడంలో లేదు, దాని స్థానంలో ఇంకేదీ ఒప్పుకోకపోవడంలో ఉంది. అమెరికా నిబంధనల్లో ఆ దారి తెరిచే ఉంది. జనన పత్రమో పెళ్ళి పత్రమో కావలసివచ్చి అది దొరకకపోతే, గుడి, చర్చి, బడి రికార్డులు చూపొచ్చు. అవీ లేకపోతే, విషయం స్వయంగా తెలిసిన ఇద్దరు అఫిడవిట్లు ఇవ్వొచ్చు. మామ్మ కోసం ఓడ సహచరులు చేసింది అదే. ఇలాంటి చట్టం ముందు శరణార్థికి చేటు చేసేది లేని కాగితం కాదు, కొత్తగా పుట్టుకొచ్చిన కాగితం. శిబిరంలో ఇచ్చిన మొదటి వాంగ్మూలం, గ్రీన్ కార్డు దరఖాస్తు, ఎన్-400 అన్నీ ఒకే ఫైల్లో ఉంటాయి. పుట్టినరోజు తెలియని ఎంతోమందికి అధికారులు జనవరి 1 అని రాసేశారు. ఇవాళ ఎక్కడి నుంచో ఇంకో తేదీతో సర్టిఫికెట్టు తెస్తే, పిల్లల సంఖ్యలోనో అన్న పేరులోనో తేడా వస్తే, అధికారి ప్రశ్న తేదీతో ఆగదు, మనిషి మాట దాకా వెళుతుంది. ఎక్కడైనా పాత పొరపాటు ఉంటే లాయరుతో మాట్లాడి, అది ఎలా జరిగిందో ముందుగానే చెప్పుకోవాలి.

కాబట్టి ఏ కాగితమూ పారేయొద్దన్న నా పాత సూత్రం కంటే ఇవాళ ఇంకోటి పైన పెడుతున్నాను: లేని కాగితాన్ని పుట్టించొద్దు. ఉన్నవి వరుసలో పెట్టుకోండి, లేనిదాన్ని ఎందుకు లేదో చెప్పండి.

అమెరికాలో ఉన్న తెలుగు పాఠకులకు ఒక మనవి. మీ పక్కింటి శరణార్థి నోటీసు పట్టుకొచ్చి సలహా అడిగితే, మన హెచ్-1బి అనుభవంతో జవాబు చెప్పకండి. ఇమ్మిగ్రేషన్ లాయరు దగ్గరకో, అమెరికా న్యాయశాఖ గుర్తింపు పొందిన ప్రతినిధి దగ్గరకో మీరే తీసుకెళ్ళండి. సొంత దేశం కాన్సులేటు గడప తొక్కేముందు మాత్రం వాళ్ళను ఆ లాయరు దగ్గరకో ప్రతినిధి దగ్గరకో తప్పకుండా తీసుకెళ్ళండి.