కళ్ళెం ఎవరి చేతిలో?

ఫ్రాన్సు దేశంలో గుర్రపు సెలవులని ఒక వేడుక ఉంది. వారం రోజులు గుర్రం మీద పల్లెలు తిరగడం. రోజుకి నాలుగైదు గంటలు జీను మీద, పాతిక ముప్ఫై కిలోమీటర్లు. బట్టల పెట్టె వెనకాల వ్యానులో వస్తుంది. సాయంత్రానికి ఏదో రైతు ఇల్లు, పొడుగాటి బల్ల, పొగలు కక్కే భోజనం. తెల్లారితే మళ్ళీ గుర్రం, మళ్ళీ దారి. ఇది విన్న మన ఆడవాళ్ళెవరైనా గుర్రం సంగతి తరవాత అడుగుతారు. ముందు అడిగేది, “అయితే వారం రోజులూ వంట మనది కాదన్నమాట!” అనే.

నవ్వులాటకి అనడం లేదు. ఈ ప్రయాణాల మీద వచ్చిన పుస్తకాలూ సినిమాలూ తరచి చూస్తే, వాటన్నిటి కిందా ఉన్న ప్రశ్న అదే. దారి ఎంత అందంగా ఉందన్నది కాదు, కళ్ళెం ఎవరి చేతిలో ఉందీ, వెనకాల చాకిరీ ఎవరు చేశారూ అన్నది. ఆ కొలబద్ద పట్టుకుని ఫ్రెంచివాళ్ళ గుర్రాన్నీ, మన తెలుగు నవలల గుర్రాన్నీ కాసేపు పక్కపక్కన నిలబెట్టి చూద్దాం. వస్తారా?

ముందు మన సంగతి. ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు మనుషులకి గుర్రమంటే జట్కా గుర్రమే. రైలు దిగి స్టేషను బయటికి వస్తే జట్కాలు వరసగా నిలబడి ఉండేవని మా అమ్మ చెబుతుంది. ఆడవాళ్ళు గుమ్మటం కింద కాళ్ళు ముడుచుకుని, పిల్లల్ని ఒళ్ళో వేసుకుని కూర్చోవాలి. బరువు వెనక్కి పడితే బండి లేచిపోతుందని జట్కావాడు “కాస్త ముందుకు జరగండమ్మా” అంటాడు. జరగడమే మన పని. తోలడం అతని పని. ఎక్కడికి వెళ్ళాలో చెప్పడం నాన్నగారి పని. ఇప్పుడా జట్కాలూ లేవు, ఆటోలొచ్చాయి. జరగమనడం మాత్రం మిగిలింది.

కొల్లేటి వైపు వెళితే జట్కా కూడా లేదు. ఒండ్రు నేల, బురద, కాలవలు. అక్కడ గుర్రం ఏం చేస్తుంది పాపం, డెక్క దిగబడిపోదూ! అక్కడి వాహనం తాటిమానుని తొలిచి చేసిన దోనె. కృష్ణా గోదావరుల డెల్టాల మధ్య పల్లపు నేలలో బుడమేరు, తమ్మిలేరు తెచ్చిపోసిన నీళ్ళు నిలిచి కొల్లేరయ్యాయి. ఉప్పుటేరు వాటిని సముద్రానికి పంపుతుంది. ఇలాంటి దేశంలో గుర్రపు కథలు పుట్టలేదంటే ఆశ్చర్యమేముంది?

అలా అనుకుని సరిపెట్టుకుందామంటే, ఫ్రాన్సులో కామార్గ్ అనే ప్రాంతం అడ్డొస్తుంది. అదీ డెల్టాయే, రోన్ నది డెల్టా. అక్కడా వరి పండుతుంది. అక్కడా మధ్యలో పెద్ద సరస్సు, పేరు వకారెస్. మనకి ఆటపాకలో గూడబాతులుంటే వాళ్ళకి గులాబిరంగు ఫ్లెమింగోలు. చిత్తడినేలలని కాపాడే రామ్‌సార్ జాబితాలోకి వాళ్ళది 1986లో ఎక్కింది, మన కొల్లేరు 2002లో ఎక్కింది. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ తల్లికి ఫాల్గుణంలో జాతరైతే, వాళ్ళకి మే నెలలో సారా అనే అమ్మవారిలాంటి ఆవిడని జిప్సీలు భుజాల మీద సముద్రానికి తీసుకెళ్ళే ఊరేగింపు. ఆ ఊరేగింపుకి కాపలా వచ్చేది తెల్ల గుర్రాల మీద రౌతులు. ఆ బురదలో, ఆ ఉప్పునీళ్ళలో తట్టుకుని బతికే గుర్రాల జాతి ఒకటి అక్కడ ఉంది. పుట్టినప్పుడు నల్లగానో గోధుమరంగులోనో ఉండి, పెరిగే కొద్దీ తెల్లబడతాయి. 1953లో ఆల్బెర్ లామొరిస్ అనే ఆయన ఆ గుర్రాల మీద తీసిన చిన్న సినిమా ప్రపంచమంతా తిరిగింది. ఇంగ్లీషులో ‘వైట్ మేన్’ అంటారు. ఎవరికీ లొంగని గుర్రం ఒక బెస్త కుర్రాడికి లొంగుతుంది. చూస్తే కళ్ళు చెమరుస్తాయి, నిజమే. ఆ కుర్రాడి స్థానంలో ఒక బెస్త పిల్లని ఎవరూ ఊహించలేదేం అని ఒక నిట్టూర్పు కూడా వస్తుంది.

ఇక పుస్తకాల దగ్గరికి వద్దాం. ఫ్రెంచి పల్లెల్లో జంతువుని వెంటబెట్టుకుని తిరిగిన కథల్లో పేరుమోసింది ఒక ఇంగ్లీషు పుస్తకం. ‘ట్రెజర్ ఐలండ్’ రాసిన స్టీవెన్సన్‌దే. ఆయన 1878లో సెవెన్ కొండల్లో పన్నెండు రోజులు, దాదాపు 120 మైళ్ళు నడిచాడు. గుర్రం కాదు, గాడిద. పేరు మోడెస్టీన్. కొన్నది 65 ఫ్రాంకులూ ఒక గ్లాసు బ్రాందీకి, చివరికి అమ్మింది 35 ఫ్రాంకులకి. మనసుపడ్డ స్త్రీ అమెరికాకి వెళ్ళిపోతే, ఆ బెంగ తీర్చుకోడానికి బయల్దేరిన ప్రయాణం అది.

మరుసటి ఏడు వచ్చిన ఆ పుస్తకం నాకు నచ్చడానికి కారణం కొండలూ కాదు, నక్షత్రాలూ కాదు. గాడిద నడవకపోతే దాన్ని కొట్టానని ఆయన దాచకుండా రాశాడు. దాని కాళ్ళు పుండ్లు పడితే అదీ రాశాడు. అమ్మేశాక బండిలో కూర్చుని ఏడ్చానని కూడా రాశాడు. తన స్వేచ్ఛ బరువు ఎవరి వీపు మీద పడిందో ఆ రచయిత లెక్క చెప్పాడు. ఇప్పటి సెలవుల ప్రకటనల్లో ఆ లెక్క కనిపించదు. తెల్లారే లేచి గుర్రాలకి మేత వేసిందెవరు? మురికి తోమిందెవరు? ఆ పొడుగాటి బల్ల మీద గిన్నెలు కడిగిందెవరు? ఆ లెక్క చెప్పని యాత్రారచన ఎంత తియ్యగా ఉన్నా సగం రచనే అంటాను.

అదే దారిలో 2020లో ఒక ఫ్రెంచి సినిమా వచ్చింది. కరొలీన్ విన్యాల్ అనే ఆవిడ తీసింది. ఆంత్వానెట్ అనే బడిపంతులమ్మ, తను ప్రేమించిన పెళ్ళయిన మగవాడి వెనకాల పడి ఆ కొండలకి బయల్దేరుతుంది. తోడు పాట్రిక్ అనే గాడిద. అది మొండిది, ఆవిడ మాట్లాడితే గానీ అడుగు వెయ్యదు. మాట్లాడీ మాట్లాడీ తన గుట్టంతా ఆవిడ గాడిద చెవిలో పోస్తుంది. మగవాడి కోసం మొదలైన ప్రయాణం చివరికి తన ప్రయాణం అవుతుంది. హాయిగా నవ్వుకోవచ్చు. నాకు మాత్రం ఒక్కటే వెలితి. ఆడది ఒంటరిగా దారి పట్టాలంటే వెనకాల ఒక మగవాడి సాకు ఉండి తీరాలా? స్టీవెన్సన్‌కీ ప్రేమ బెంగే అయినా, ఆయన రాతలో దారి ఆయన సొంతంగానే మొదలవుతుంది. ఈవిడ దాన్ని సగంలో సంపాదించుకోవాల్సి వచ్చింది.

సినిమా తీసినవాళ్ళని అని ఏం లాభం? చరిత్రే అలా ఉంది. 1800లో పారిస్ పోలీసులు ఒక ఉత్తర్వు వేశారు. ఆడవాళ్ళు మగవాళ్ళ బట్టలు వేసుకోవాలంటే పోలీసుల దగ్గర అనుమతి పుచ్చుకోవాలట. రోజా బొనేర్ అనే గొప్ప చిత్రకారిణి ‘గుర్రాల సంత’ అనే బ్రహ్మాండమైన బొమ్మ వేసింది. ఇప్పుడది న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. ఆ సంతలో నిలబడి గుర్రాలని గీసుకోడానికి ఆవిడ మగ దుస్తుల్లో వెళ్ళేది, పోలీసుల దగ్గర చీటీ పుచ్చుకుని మరీ. తరవాత 1892లో, 1909లో ఆ ఉత్తర్వుకి సడలింపులొచ్చాయి. చేతిలో సైకిలు హాండిలు గానీ, గుర్రపు కళ్ళెం గానీ ఉన్న ఆడది పంట్లాం వేసుకోవచ్చట! ఉత్తర్వుకి కాలం చెల్లిందని ప్రభుత్వం ప్రకటించేసరికి 2013 అయింది. దీనికన్నా మంచి కథ ఏ రచయిత కల్పించగలడు చెప్పండి? కళ్ళెం పట్టుకున్నంతసేపే స్వేచ్ఛ, గుర్రం దిగితే నేరం.

ఫ్రెంచివాళ్ళని చూసి నవ్వుకునే ముందు మన రుద్రమదేవిని తలుచుకోండి. కాకతీయ గణపతిదేవుడు కూతుర్ని కొడుకులా పెంచి, రుద్రదేవుడని పేరు పెట్టాడు. శాసనాల్లో కూడా ఆవిడకి ఆ మగపేరే కనిపిస్తుంది. భీమవరం దగ్గర సరిపల్లెలో పుట్టిన అడివి బాపిరాజు గారు ‘గోన గన్నారెడ్డి’ నవలలో ఆ కాలాన్ని కళ్ళకి కట్టించారు. చిన్నప్పుడు ఆ నవల చదివి గుర్రపు డెక్కల చప్పుడు కలలో విన్న ఆడపిల్లలు బోలెడుమంది. నేనూ విన్నాను. కానీ ఇప్పుడు మళ్ళీ చదివితే, నవల పేరు గన్నారెడ్డిదని ముందు కనిపిస్తుంది. రాణి సింహాసనం మీద ఉన్నా, దారుల మీద పరుగెత్తే అల్లరి, సాహసం, నవ్వు అతనివి. ఆవిడకి గౌరవం దక్కింది, అతనికి సంచారం దక్కింది. బాపిరాజు గారి మనసు ఆడవాళ్ళ పట్ల ఎంత మెత్తనిదో ఆయన పాఠకులకి తెలుసు. అంత మెత్తని మనసున్నాయన దగ్గరే పంపకం ఇలా జరిగితే, మిగతావాళ్ళ మాట చెప్పేదేముంది?

ఆ తరవాత గుర్రం పోయి కారొచ్చింది. యద్దనపూడి సులోచనారాణి గారి ‘సెక్రటరీ’ చదవని ఇల్లు 1970లలో ఉండేదా? రాజశేఖరం గారి కారు ఎందరు అమ్మాయిల కలల్లో ఆగిందో! అలాంటి నవలలన్నిటినీ కాలక్షేపమని తీసిపారేసే విమర్శకులతో నాకు పేచీ ఉంది. జయంతి ఉద్యోగం చేసింది, ఆత్మాభిమానం చూపించింది, ఎదురు మాట్లాడింది. అది చిన్న సంగతి కాదు. అయినా ఆ కాలపు నవలల్లో స్టీరింగు దగ్గర ఎవరున్నారో చూడండి. రాకుమారుడి గుర్రం మీద ముందు కూర్చున్న అమ్మాయే కారులో పక్క సీటులోకి మారింది. ఊళ్ళు కదిలిపోతుంటాయి, ఆవిడ చూస్తుంటుంది. ఎక్కడ ఆపాలో ఆయనకి తెలుసు.

మరి మన ఆడవాళ్ళు నిజంగా గుర్రం ఎక్కలేదా అంటే, ఎక్కారు. పుణ్యం పేరుతో ఎక్కారు. తాడేపల్లిగూడెంలో మాకు వరసకి పిన్ని అయ్యే ఒకావిడ అరవై దాటాక ఉత్తరాది యాత్రకి వెళ్ళింది. గౌరీకుండ్ నుంచి కేదారనాథ్ దాకా దాదాపు 16 కిలోమీటర్ల కొండదారి గుర్రం మీద. కళ్ళెం తాడు గుర్రపు కుర్రాడి చేతిలో ఉంటుందనుకోండి. వచ్చాక అడిగాను.

“పిన్నీ, గుర్రం మీద భయం వెయ్యలేదూ?”

“ఎందుకెయ్యదే అమ్మాయ్, ఒక పక్క లోయాయె. కానీ ఒక్కటి చెప్పనా? ఆ నాలుగు రోజులూ పొద్దున్నే లేచి, ఇవాళ కూరేం చెయ్యను అని ఒక్కళ్ళనీ అడగలేదు.”

శివుడి మాట అడిగితే దణ్ణం పెట్టింది, గుర్రం మాట అడిగితే నవ్వింది, కూర మాట దగ్గర మాత్రం గొంతు జీరబోయింది. ఆ జీర తెలుగు నవలల్లో నాకింకా సరిగ్గా వినబడలేదు. భర్త మీద కోపం లేదు, ఇల్లు విడిచిపోవాలని లేదు. నాలుగు రోజులు ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా ఉండాలని ఉంది, అంతే. అంత చిన్న కోరికకి కేదారనాథుడి పూచీకత్తు కావలసొచ్చింది.

ఆవిడే ఇంకో మాట కూడా అంది. “ఆ గుర్రం కేసి చూస్తే జాలేసిందే. దానికీ పొద్దున్నే అదే పని కదా.” 2022 యాత్రాకాలంలో ఆ దారిలో చచ్చిపోయిన గుర్రాలు, కంచర గాడిదల గురించి పత్రికల్లో బాగానే వచ్చింది. స్టీవెన్సన్ పుస్తకంలో నేను మెచ్చుకున్న ఆ లెక్క, ఏ పుస్తకం రాయని మా పిన్ని ఒక్క వాక్యంలో చెప్పేసింది. ఇంట్లో ఎప్పుడూ బరువు మోసేవాళ్ళకి, బయట మోసే ప్రాణి ముందుగా కనిపిస్తుందేమో.

అందుకే నాకొక పుస్తకం చదవాలని ఉంది. ఫ్రాన్సు గురించి వద్దు, దానికి వాళ్ళున్నారు. ఏలూరు నుంచి బయల్దేరి నాలుగు రోజులు కొల్లేటి లంకలు తిరిగిన ఒక ఆడమనిషి రాసిన పుస్తకం. దోనె మీదో, సైకిలు మీదో, కాళ్ళ మీదో, ఆవిడ ఇష్టం. కొల్లేటి మనుషుల బతుకుని అక్కినేని కుటుంబరావు గారు ‘కొల్లేటి జాడలు’ నవలలో రాశారు, చాలా మంచి నవల. అది అక్కడి జ్ఞాపకాల్లోంచి వచ్చింది. నేనడిగేది వెళ్ళి చూసొచ్చిన ఆడదాని కళ్ళతో. 1999లో అభయారణ్యం అన్నారు, 2006లో చేపల చెరువుల గట్లు తవ్వేశారు. ఆ మధ్య కాలంలోనూ, ఆ తరవాతా లంకల్లో ఆడవాళ్ళు ఏం వండుకున్నారు, మంచినీళ్ళు ఎంత దూరం నుంచి మోశారు, ఎవరి దోనెలో ఎవరు తెడ్డు వేశారు, ఇవన్నీ అందులో ఉండాలి. పక్షుల పేర్లతో పాటు పడవ నడిపిన మనిషికిచ్చిన కూలీ కూడా ఉండాలి.

మన పాఠకురాళ్ళలో ఎవరైనా రాస్తారా? నాలుగు రోజులకి ఇంట్లోవాళ్ళ కూర సంగతి ఇంట్లోవాళ్ళే చూసుకుంటారు. చూసుకోకపోతే, మొదటి అధ్యాయం అదే అవుతుంది.