సీతాకోకచిలుకకు మొగుడి పేరు

మొన్న చైత్రంలో, నైనిటాల్ దగ్గరి భీమ్‌తాల్ కొండల్లో గైడు వెంట సీతాకోకచిలుకలు చూడ్డానికి వెళ్ళాను. చేతిలో ఐజాక్ కెహింకర్ 2008లో వెలువరించిన భారతీయ సీతాకోకచిలుకల పుస్తకం. బొమ్మలు ప్రాణమున్నట్టే ఉన్నాయి. నా పేచీ అంతా పేర్లతోనే.

"కామన్ మోర్మన్" అన్నాడు గైడు, ఓ నల్లదాన్ని చూపించి. పుస్తకంలోనూ అదే పేరు. మగవాటిది ఒకటే రూపం, ఆడవాటికి మూడు. అంచేత, బహుభార్యాత్వానికి పేరుపడ్డ అమెరికా మతశాఖ పేరు తగిలించారుట ఇంగ్లీషువాళ్ళు! ఆ శాఖ 1890లోనే అధికారికంగా ఆ ఆచారం వదులుకుంది. పాపం, సీతాకోకచిలుక ఇంకా మోస్తోంది.

అసలు ఆ మూడింటిలో రెండు మారువేషాలు. గొంగళిగా ఉన్నప్పుడు ఈశ్వరి తీగ తిని విషం నింపుకున్న ఎర్రమచ్చల సీతాకోకచిలుకల్ని పిట్టలు ముట్టవు. ఆ చీరే ఇదీ కట్టుకుంటుంది. గుడ్లు పెట్టేదాకా బతకాలి కదా! ఇంత కథ వదిలేసి మొగుడి లెక్కన పేరు పెట్టడమేమిటి?

గైడు ఈ ఊసే ఎత్తలేదు. తడిమట్టిలో ఉప్పు పీల్చే గుంపుల దగ్గరే గంటసేపు నిలబెట్టాడు. అక్కడ చేరేవి దాదాపు అన్నీ మగవే. ఆడది పొదల చాటున ముందుకాళ్ళతో ఆకు తట్టి, రుచి చూసి, గుడ్డుకి చోటు వెతుక్కుంటూంటుంది. దాన్ని చూడ్డానికి అంత దూరం అక్కర్లేదు లెండి. ఎండెక్కాక పెరట్లో కరివేపాకు చెట్టు దగ్గర కాసేపు నిలబడండి.