పెట్టె ఒకటే, కూలి వేరు

నాటకం చూస్తున్నంతసేపూ నా కళ్ళు వింగుల వైపే పోతుంటాయి. పరిషత్తు పోటీల్లో సెట్టింగులు మోసినవాణ్ణి కదా, లైట్లు ఆరిన కాసేపట్లో ఇంటిని కోర్టుగా మార్చేసిందెవరా అని వెతుక్కుంటాను. వాళ్ళకెంత ఇస్తారన్నది ఆ వెంటనే వచ్చే ప్రశ్న. అమెరికాలో దానికి ఊరికో జవాబు.

అక్కడి రంగస్థల కార్మికుల సంఘం ఐఏటీఎస్ఈ 1893లో పుట్టింది. సంఘం ఒకటే అయినా, రేటు మాత్రం ఏ ఊరి శాఖ ఆ ఊరి థియేటర్లతో తేల్చుకుంటుంది. ఊరూరా తిరిగే బ్రాడ్‌వే నాటకాన్నే తీసుకోండి. పొద్దున్నే సామాను పెట్టెలతో లారీలు దిగుతాయి. కంపెనీతో తిరిగే మనిషికి ‘పింక్ కాంట్రాక్ట్’ ఉంటుంది. ఊరు మారినా అతని రేటు మారదు. అదే పెట్టెకు రెండో కొసన చెయ్యి వేసేవాడు స్థానికుడు. అతనిది ఆ ఊరి రేటు. బరువు మాత్రం ఇద్దరికీ సమానం.

ఖరీదైన ఊళ్ళో కూలి ఎక్కువుండటం సహజమేగా అంటారు. కొంత నిజమే. సంఘం లేనిచోట చట్టం చెప్పే కనీస కూలే దిక్కు. కేంద్రం పెట్టిన గంటకు 7.25 డాలర్లు 2009 నుంచి కదల్లేదు. న్యూయార్క్ నగరంలో 2025లో అది 16.50. కానీ ఇంటద్దెలే కారణమనుకుంటే ఆ నగరంలోనే ఉన్న కచేరీశాల కార్నెగీ హాల్ లెక్క తేలదు. అక్కడి ఐదుగురు పూర్తికాలపు కార్మికులకు ఏటా సగటున 4 లక్షల డాలర్లకు పైగా ముడుతోందని 2013లో పత్రికలు రాశాయి. ఆ అక్టోబరు 2న వాళ్ళు పని ఆపేస్తే సీజన్ తొలి కచేరీ రద్దయింది. వాళ్ళ సంఘ శాఖ లోకల్ వన్ 2007లో 19 రోజులు సమ్మె చేస్తే బ్రాడ్‌వేలో చాలా థియేటర్లు మూతపడ్డాయి. సెట్ ఎక్కించేటప్పుడు ఎంతమంది ఉండాలన్నది అప్పటి పెద్ద తగువు. ఊరి రేటులో అక్కడి ఖర్చులతో పాటు, పని ఆపగల సత్తా కూడా కలిసి ఉంటుందన్నమాట.

మన సంగతి వేరు. 1885లో కడప జిల్లాలో మొదలైన సురభి నాటక సమాజంలో తెర వెనక తీగలు లాగేదీ ఇంటివాళ్ళే. పరిషత్తు నాటకాలకు సెట్టింగులు, లైట్లు అద్దెకు తెచ్చేవారి రేటు బేరంలో తెగుతుంది. మోసే కుర్రాళ్ళకు చాలాసార్లు భోజనం, దారిఖర్చులే. ఇష్టంగా చేసే పనికి డబ్బడగడమేమిటన్న మొహమాటమే ఇక్కడ రేటు కడుతుంది. నేనూ ఆ మొహమాటంతో మోసినవాణ్ణే కాబట్టి, నాటక సమాజాలకు ఒక్కమాట: బడ్జెట్ రాసేటప్పుడు శాలువాలు, జ్ఞాపికల పద్దుకు పైన సెట్టు మోసేవాళ్ళ పద్దు రాయండి.