అడిషనల్ షీట్ లేని పరీక్ష

అడిషనల్ షీట్లు ఎన్ని కడితే అన్ని మార్కులన్న నమ్మకంతో మనం పెరిగాం. పరీక్ష హాలు బయట స్నేహితుడు ముందు అడిగేది 'ఎన్ని అడిషనల్స్ తీసుకున్నావురా' అనే. లెక్కల పేపర్లో జవాబు తప్పినా స్టెప్పులకు మార్కులు పడతాయి. జవాబు ఎప్పుడూ చివర్న, చుట్టూ గడి గీసుకుని కూర్చుంటుంది. స్కూలు నుంచి ఇంజనీరింగ్ దాకా చేతికి పట్టిన ఈ అలవాటు కన్సల్టింగ్ ఇంటర్వ్యూలో రాత కేసు దగ్గరికొచ్చేసరికి ఎదురు తిరుగుతుంది. ప్లేస్‌మెంట్ల కాలంలో ఎంబీఏ పిల్లలకు మాక్ ఇంటర్వ్యూలు చేయడానికి నేనూ కూర్చుంటుంటాను. వాళ్లకు తెలివిలో లోటేం లేదు. చేతికిచ్చిన కాగితాల కట్టలో ఉన్నదంతా స్లైడ్ల మీదికి ఎక్కించాలన్న ఆత్రమే కొంప ముంచుతుంది.

మామూలు కేసు ఇంటర్వ్యూ సంగతి చాలామందికి తెలుసు. ఎదురుగా కూర్చున్నాయన ఒక కంపెనీ కష్టం చెబుతాడు, మనం ప్రశ్నలు వేస్తూ మాటల్లోనే దారి వెతుక్కుంటాం. దారి తప్పితే ఆయన ముఖం చూసి వెనక్కి రావచ్చు. రాత కేసులో ఆ ముఖం ఉండదు, కాగితాల కట్ట ఉంటుంది. ఇరవై, ముప్పై, ఒక్కోసారి నలభై పేజీలు. అందులో గ్రాఫులు, పట్టికలు, ఛైర్మన్‌తో సంభాషణ, పోటీ కంపెనీల ధరలు, కస్టమర్ల సర్వే అన్నీ కలగాపులగంగా ఉంటాయి. గంట నుంచి రెండు గంటలు టైమిచ్చి, మూడు నాలుగు స్లైడ్లు చేయమంటారు. ఆ తర్వాత అరగంటో ముప్పావు గంటో వాటిని ఇంటర్వ్యూ చేసేవాళ్ల ముందు పెట్టి నిలబడాలి. బీసీజీ, బెయిన్ లాంటి సంస్థల కొన్ని ఆఫీసులు ఈ పద్ధతి వాడుతూ వచ్చాయి. కొన్నిచోట్ల ల్యాప్‌టాప్ ఇస్తారు, కొన్నిచోట్ల తెల్ల కాగితాలూ పెన్నులే.

దీని వేళ్లు పాతవే. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ తన మొదటి రాత కేసును పాఠంగా వాడింది 1921లో. 1961లో హార్వర్డ్ సహకారంతో ఐఐఎం అహ్మదాబాద్ మొదలైనప్పుడు ఆ పద్ధతి మన దేశానికీ వచ్చింది. అక్కడ మొదటి ఏడాది పిల్లలకు కేసు చదివి నివేదిక రాసే 'వ్యాక్' అనే కోర్సు ఒకటుంది. గడువు దాటకుండా నివేదిక అందించడానికి హాస్టళ్ల నుంచి పెట్టే పరుగుకు 'వ్యాక్ రన్' అని పేరే పడిపోయింది.

కట్ట చేతికొచ్చాక ఏం చేయాలో ఒక ఉదాహరణతో చెబుతాను. ఇది మాక్ ఇంటర్వ్యూల కోసం నేను కల్పించుకున్న కేసు. ఒక డెయిరీ ఉంది. లాభం రెండేళ్లలో 48 కోట్ల నుంచి 32 కోట్లకు పడిపోయింది. ఛైర్మన్ అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: 60 కోట్లు పెట్టి ఐస్‌క్రీం ప్లాంటు కట్టాలా, వద్దా?

ఎక్కువమంది పిల్లలు మొదటి పేజీ మొదటి లైను నుంచి హైలైటర్ పట్టుకుని చదవడం మొదలుపెడతారు. ముప్పావు గంట గడిచేసరికి కట్టంతా పసుపు. లాభం ఎందుకు తగ్గిందో వివరించే రెండు పేజీలు వాళ్లను మరీ ఊరిస్తాయి. పాల రైతుకిచ్చే ధర పెరిగింది, ప్యాకెట్ ధర పెరగలేదు. చక్కటి విశ్లేషణే, కాదనను. కానీ అడిగింది అది కాదు. ఛైర్మన్‌కు తన లాభం ఎందుకు తగ్గిందో మనకన్నా బాగా తెలుసు.

ముందు చదవాల్సింది ప్రశ్న. ఆ తర్వాత ప్రతి పట్టిక పైనున్న పేరు, అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న గమనిక. కట్ట తయారుచేసేవాళ్లు అసలు సరుకును దాచేది అక్కడే. ఈ కేసులో ఒక పట్టిక ప్రకారం ప్లాంటు సామర్థ్యం ఏడాదికి కోటి లీటర్లు, లీటరుకు మిగిలేది 20 రూపాయలు. అంటే ఏడాదికి 20 కోట్లు, మూడేళ్లలో పెట్టుబడి వెనక్కి. ఇంకేం, కట్టేద్దాం అనిపిస్తుంది. ఆ పట్టిక కిందే ఒక గమనిక ఉంది: అమ్మకాలు ఎక్కువగా వేసవి నాలుగు నెలల్లోనే కాబట్టి ఏడాది మొత్తం మీద ప్లాంటు నడిచేది 45 శాతమే. 20 కోట్లు 9 కోట్లయ్యాయి. ఇంకెక్కడో లారీల పేజీలో శీతల గిడ్డంగులకూ రవాణాకూ ఏటా 4 కోట్లు ఖర్చని ఉంది. మిగిలింది 5 కోట్లు. మూడేళ్లన్నది పన్నెండేళ్లయింది. పనికిరాని పేజీలా కనిపించే మరోచోట, ఉన్న ప్లాంటులోనే 10 కోట్లతో పెరుగు విభాగం పెంచితే ఏటా 4 కోట్లు వస్తాయని లెక్క ఉంది. రెండున్నరేళ్లు. కేసు మొత్తం ఈ మూడు పేజీలే. మిగతా పాతిక పేజీల్ని చూసీ చూడనట్టు వదిలేసే ధైర్యం మనకుందా లేదా అన్నదే పరీక్ష.

ఇంకో గుంట కూడా తవ్వి ఉంచుతాను. ఒక పట్టిక కోట్లలో, ఇంకొకటి మిలియన్లలో. మిలియన్ అంటే పది లక్షలనీ, కోటికి పది మిలియన్లనీ తెలియనివాళ్లెవరు? అయినా గడియారం చూసుకుంటూ వేసే లెక్కలో ఒక సున్నా ఎటో పోతుంది. కట్ట తెరవగానే అన్నీ ఒకే కొలతలోకి మార్చి పక్కన రాసుకుంటే సరి.

ఇక స్లైడ్లు. ఫ్రేమ్‌వర్కులు కంఠస్థం చేసి వచ్చేవాళ్లు మొదటి స్లైడ్‌లో తప్పకుండా మైకేల్ పోర్టర్‌ను దించుతారు. పరిశ్రమలో పోటీని నిర్ణయించేవంటూ ఆయన 1979లో చెప్పిన అయిదు శక్తుల్లో నాకేం దోషం కనిపించదు. అడక్కుండానే వాటికి మొదటి స్లైడ్ ఇచ్చేయడం చూస్తేనే ఒళ్లు మండుతుంది. నేను చెప్పేది వేరు. ముందు ఖాళీ స్లైడ్ల మీద శీర్షికలు మాత్రం రాయండి, అవీ పూర్తి వాక్యాలుగా. 'మార్కెట్ విశ్లేషణ' అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. 'ఐస్‌క్రీం ప్లాంటు వద్దు, పెట్టుబడి తిరిగి రావడానికి పన్నెండేళ్లు పడుతుంది' అని రాస్తే స్లైడ్‌లో మిగతాది చదవకపోయినా ఛైర్మన్‌కు జవాబు అందినట్టే. శీర్షికలు మాత్రం వరసగా పైకి చదవండి. కథ నడవకపోతే కింద ఎన్ని గ్రాఫులు గీసినా నడవదు.

శీర్షిక సంగతి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2003 జనవరిలో కొలంబియా వ్యోమనౌక బయల్దేరుతున్నప్పుడు ఇంధన ట్యాంకు నుంచి ఊడిన ఫోమ్ ముక్క ఎడమ రెక్కకు తగిలింది. నౌకలో ఉన్న ఏడుగురిలో మన కల్పనా చావ్లా ఒకరు. నౌక ఇంకా అంతరిక్షంలో ఉండగానే బోయింగ్ ఇంజనీర్లు నాసా అధికారులకు స్లైడ్లు చూపించారు. ఒక కీలకమైన స్లైడ్ పైన శీర్షిక, పాత పరీక్షల ఫలితాలను బట్టి తమ అంచనా భద్రత వైపే మొగ్గి ఉందన్న అర్థం స్ఫురించేలా ఉంది. తగిలిన ముక్క ఆ పరీక్షల్లో వాడినవాటికన్నా ఆరువందల రెట్లకు పైగా పెద్దదని తెలిపే అంకెలు మాత్రం అట్టడుగున, చిన్న అక్షరాల్లో ఉన్నాయి. ఫిబ్రవరి 1న తిరిగి వస్తూ నౌక ముక్కలైపోయింది. సమాచార చిత్రణ నిపుణుడు ఎడ్వర్డ్ టఫ్టీ ఆ స్లైడ్‌ను వాక్యం వాక్యం విప్పి చూపిస్తే, ప్రమాదంపై దర్యాప్తు చేసిన బోర్డు కూడా తన నివేదికలో ఆ విశ్లేషణను చేర్చింది. ఆ ఒక్క స్లైడ్ వల్లే ప్రమాదం జరిగిందని బోర్డు అనలేదు, నేనూ అనను. కానీ తెలిసిన విషయం కాగితం మీద ఉండి కూడా చదివేవాళ్లకు అందకపోవడం ఎలా ఉంటుందో ఇంతకన్నా స్పష్టంగా చూపించే కాగితం నాకు తెలియదు.

మన పిల్లల్ని, ముఖ్యంగా చిన్న ఊళ్ల నుంచి తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లను, ఇంకో భయం వెంటాడుతుంది. 'ఇంగ్లిష్ ఫ్లో లేదు సార్' అంటారు. వాళ్లకు నేను బార్బరా మింటో గురించి చెబుతాను. ఆవిడ 1963లో మెకిన్సీలో చేరారు. ఎంబీఏ చదివి ఆ సంస్థలో కన్సల్టెంట్‌గా చేరిన మొదటి మహిళ. ఇంగ్లిష్ మాతృభాష కాని యూరప్ ఉద్యోగులకు నివేదికలు రాయడం నేర్పమని ఆవిడను 1966లో లండన్ పంపారు. అక్కడ ఆవిడకు అర్థమైందేమిటంటే, రాత చెడుతున్నది భాష రాక కాదు, ఆలోచన వరసలో లేక. జవాబు పైన, దాన్ని మోసే కారణాలు కింద, వాటి కింద ఆధారాలు ఉండాలన్న ఆవిడ పిరమిడ్ పద్ధతినే ఇవాళ కన్సల్టింగ్‌లోకి వెళ్లే చాలామంది నేర్చుకుంటున్నారు. పొట్టి వాక్యాలు రాయగల ఇంగ్లిష్ చాలు. పొడుగాటి వాక్యం వెనక దాక్కునే వెసులుబాటు లేకపోవడం ఒక్కోసారి మేలే చేస్తుంది.

ఇక నిలబడి చెప్పడం. చాలామంది నాలుగు స్లైడ్లూ వరసగా అప్పజెప్పడానికి సిద్ధపడి వస్తారు. మొదటి నిమిషంలోనే ఎదుటివాడు చెయ్యెత్తుతాడు: 'ప్లాంటు 70 శాతం నడిస్తే?' అప్పుడు 'ఆ విషయానికి మూడో స్లైడ్‌లో వస్తాను సార్' అన్నారా, అయిపోయింది. అక్కడే ఆగి లెక్క వేయాలి. 14 కోట్ల నుంచి 4 పోతే 10, అంటే ఆరేళ్లు. 'అయినా పెరుగే ముందు' అని చెప్పాలి. 'గిడ్డంగులూ రవాణా ఉచితంగా దొరికితే?' 9 కోట్లు, ఏడేళ్లకు కొంచెం తక్కువ. 'అప్పుడూ పెరుగే.' ఎంతకు చేరితే మన జవాబు మారుతుందో ముందే తెలిసినవాడు ఈ ప్రశ్నలకు తడబడడు. జవాబును సమర్థించుకుంటూ గొంతు పెంచేవాడికీ, అడగ్గానే 'అవును సార్, మీరన్నదే కరెక్ట్' అని ప్లేటు ఫిరాయించేవాడికీ నా దగ్గర మార్కులు సమానమే. ఇద్దరూ లెక్క వేయలేదు.

కేసు క్లబ్బులూ సీనియర్ల సాయమూ పెద్ద కాలేజీల్లో ఉంటాయి, మాకేవి అని అడిగేవాళ్లకు ఒక మాట. దొడ్ల, హెరిటేజ్ రెండూ హైదరాబాద్ కేంద్రంగా ఉన్న డెయిరీలే, స్టాక్ మార్కెట్లో లిస్టయినవే. వాటి వార్షిక నివేదికలు ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ఏ కన్సల్టింగ్ కంపెనీ ఇచ్చే కట్టకన్నా పెద్దవి. ఒక ప్రశ్న మీరే వేసుకోండి: వచ్చే అయిదేళ్లలో ఈ కంపెనీ డబ్బు పాల మీద పెట్టాలా, పెరుగు, నెయ్యి మీద పెట్టాలా? ఫోన్లో రెండు గంటలకు అలారం పెట్టి మూడు కాగితాల్లో జవాబు రాయండి. తర్వాత ఇంట్లో కన్సల్టింగ్ అంటే ఏమిటో తెలియనివాళ్లను కూర్చోబెట్టి చెప్పండి. అంతా విన్నాక అమ్మ 'ఇంతకీ దేని మీద పెట్టమంటావు?' అని అడిగిందంటే, మొదటి కాగితం మళ్లీ రాయండి.