వెండి తీగ నుంచి మైనపు తీగ దాకా

ఫిలిగ్రీ పనివారి ముందు పరిచి ఉండే సామానులో చూడగానే ఏమీ అనిపించని వస్తువు కమ్మచ్చు. ఓ ఇనుప పలక, దానికి వరసగా బెజ్జాలు, ఒకదానికంటే ఒకటి సన్నం. అంతే. కరిగించి పోసిన వెండి కడ్డీని సాగగొట్టి, కొసను సూదిగా చేసి మొదటి బెజ్జంలో దూరుస్తారు. అవతలి నుంచి పటకారుతో పట్టి లాగుతారు. తర్వాత రెండో బెజ్జం, మూడోది. లాగేకొద్దీ వెండి బిరుసెక్కుతుంది కాబట్టి మధ్యమధ్య నిప్పు మీద కాచి మెత్తబరచాలి. చివరికి చేతికొచ్చేది దారంలాంటి తీగ. కరీంనగర్ పేరును దేశమంతటా మోసింది ఈ తీగే.

అసలు కిటుకు తర్వాతి మెట్టులో ఉంది. రెండు సన్న తీగలను జతచేసి పురిపెడతారు. ఆ పురిని చదునుగా నొక్కుతారు. అప్పుడు దాని అంచు వెంట ఆవగింజలు పేర్చినట్టు సన్నని పళ్లు లేస్తాయి. ఆ అంచు పైకి వచ్చేలా తీగను నిలబెట్టి వంచుతారు. వెండి మీద వెలుగు తళుకు తళుకుమని విరిగేది ఈ పళ్ల వల్లే. కాస్త మందపాటి తీగతో ఆకో, పువ్వో, నెమలో చుట్టుగీత కట్టి, లోపలి ఖాళీని చిన్న చిన్న సుడులతో పట్టకారు కొసన ఒక్కొక్కటిగా నింపుతారు. పైన వెలిగారం, టంకం పొడి చల్లి మంట చూపిస్తారు. టంకం కరగాలి, తీగ కరగకూడదు. రెండింటికీ మధ్య ఉండే వ్యవధి కొన్ని క్షణాలే. మంట ఒక్క ఊపిరి ఎక్కువైతే పొద్దుటి నుంచి పేర్చిన ఆకు ముద్దయిపోతుంది.

ఒకప్పుడు నిజాం కాలపు పెద్దల ఇళ్లలోకి పాన్‌దాన్లు, అత్తరుదాన్లు, పళ్లేలు, బొత్తాలు ఇలాగే వెళ్లాయి. ఒడిశాలోని కటక్ ‘తారకసి’ కూడా ఈ కుటుంబానిదే. కరీంనగర్ వెండి ఫిలిగ్రీకి 2007లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అంగట్లో అద్దాల వెనక ఉన్న వస్తువును చూసి వచ్చేయడం కన్నా, వీలైతే పని జరిగే చోట ఓ గంట కూర్చోవడం మేలు. ఆ తర్వాత ధర గురించి బేరమాడే నోరు తనంతట తానే తగ్గుతుంది.

ఈ పనికి తొలి ఇల్లు కరీంనగర్ కాదు, ఎలగందుల. కరీంనగర్ నుంచి సిరిసిల్ల దారిలో పది కిలోమీటర్ల దూరాన, మానేరు ఒడ్డున గుట్ట మీద అక్కడి కోట ఉంది. కాకతీయుల నుంచి ఆసఫ్‌జాహీల దాకా అయిదు వంశాల చేతులు మారింది. 1905లో జిల్లా కేంద్రం కరీంనగర్‌కు తరలింది, పనివాళ్లూ తరలారు. కోట పైన 1754లో ఆసఫ్‌జాహీల అధికారి జఫరుద్దౌలా కట్టించిన మసీదు మినార్లు ఊపితే కదులుతాయని ప్రసిద్ధి. రాతి పని గట్టిదా, వదులుదా అని అక్కడ వాదించుకునేవాళ్లకు కొదవుండదు! ఇదే జఫరుద్దౌలా జాడ జగిత్యాలలోనూ కనిపిస్తుంది. చుట్టూ కందకం, నక్షత్రం ఆకారం, బురుజుల మీద ఫిరంగులు. ఐరోపా పద్ధతిలో కట్టిన ఆ కోటను చూసి గోదావరి దాటితే నిర్మల్.

నిర్మల్ బొమ్మను చేతిలోకి తీసుకున్నవారు మొదట గమనించేది దాని బరువు. బరువు లేకపోవడాన్ని, అనాలి. కారణం పొణికి చెక్క. రాళ్ల గుట్టల మీద, మెట్ట అడవుల్లో పెరిగే ఈ చెట్టు కలప తేలిక, మెత్తన. ఉలి కింద వెన్నలా దిగుతుంది, ఆరాక పగలదు. కాళ్లూ చేతులూ తలా విడివిడిగా చెక్కి అతుకుతారు. అతికే ‘లప్పం’ బజారులో కొనేది కాదు. నానబెట్టి రుబ్బిన చింతగింజల జిగురులో, ఆ చెక్కనే చెక్కగా రాలిన పొట్టును కలిపి చేసేది. అతుకుల సందులు దాంతోనే పూడుస్తారు. పైన పలుచని గుడ్డ అంటించి, తెల్ల సుద్ద పూసి, నున్నగా రుద్దాకే రంగు. వెనుకటి రోజుల్లో రాళ్ల నుంచీ ఆకుల నుంచీ రంగులు తీసేవారు. ఇప్పుడు డ్యూకో రంగులదే రాజ్యం. నల్లని నేల మీద బంగారు ఛాయ తేలే చిత్రాలదీ ఈ ఊరే. పదిహేడో శతాబ్దంలో నిమ్మనాయుడు నకాషీ కళాకారులను పోషించాడని, ఊరికి ఆయన పేరే వచ్చిందని చెబుతారు. పనివారు సహకార సంఘంగా ఏర్పడింది 1955లో.

బొమ్మల దుకాణంలో ఎక్కువగా అమ్ముడుపోయేవి మామిడి, అరటి, సీతాఫలం కలిపిన పళ్ల సెట్లు. అచ్చం పండులా ఉందనిపించుకోవడమే వాటి గొప్ప. కానీ కళ్లను నిలబెట్టేవి మాత్రం జింక, పులి, అడవి పక్షులు. చెక్కేవారు వాటిని చూసిన అడవి పక్కనే ఉంది కదా. ఆ అడవిలో పొణికి చెట్టు పలచబడుతోంది. పనివారి అసలు బెంగ అదే. రంగు మారినా బొమ్మ నిలిచింది. చెక్క మారితే అది నిర్మల్ బొమ్మ కాదు.

నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ మలుపులు ఎక్కి నాగపూర్ రహదారి మీద సాగితే నేరడిగొండ. అక్కడి నుంచి పన్నెండు కిలోమీటర్లు లోపలికి కుంటాల. కడెం వాగు సుమారు 45 మీటర్ల ఎత్తు నుంచి మెట్లు మెట్లుగా దూకుతుంది. రాష్ట్రంలోని ఎత్తయిన జలపాతాల్లో ఇదొకటి. పేరును శకుంతలతో ముడిపెట్టే కథ ఉంది. అక్కడి సోమేశ్వరుడి దర్శనానికి శివరాత్రినాడు జనం వస్తారు. వానలు వెనకబట్టాక, సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా చూడదగ్గ కాలం. నీటి అడుగున గుండాలు లోతు, రాళ్లు పాచి. ఎందరినో మింగిన చోటది. ఒడ్డున నిలబడే చూడాలి. దగ్గర్లోని పొచ్చెర ఎత్తు తక్కువ, జోరు ఎక్కువ.

గుడిహత్నూరు దగ్గర తూర్పుకు మళ్లితే గోండుల నేల మొదలవుతుంది. ఇంద్రవెల్లి పక్కన కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు నాగోబా జాతర. మెస్రం వంశీయులు కాలినడకన గోదావరి జలం తెచ్చి అభిషేకించాకే పూజ. జైనూరు మండలం మార్లవాయిలో, వియన్నాలో పుట్టి గోండుల మధ్య బతికిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్‌, ఆయన భార్య బెట్టీల సమాధులున్నాయి. దీపావళి వేళ దండారీ బృందాలు, నెమలీకల టోపీలతో గుస్సాడీలు ఊరూరా తిరుగుతారు. గుస్సాడీ నృత్యానికి పద్మశ్రీ అందుకున్న కనకరాజుదీ మార్లవాయే.

అదే మండలంలో ఉషేగాం. ఇక్కడ వోజ్ కులస్తులు చేసే డోక్రా పనికీ తీగే మొదలు, కాకపోతే మైనపు తీగ. మట్టితో లోపలి ముద్ద చేసి ఆరబెడతారు. దాని మీద తేనెపట్టు మైనం తీగలను వరసలు వరసలుగా చుడతారు. కళ్లు, నగలు, జడ అన్నీ మైనమే. పైన మెత్తని మట్టి, ఆపైన గరుకు మట్టి పూసి, ఓ చిన్న దారి వదిలి, కాలుస్తారు. మైనం కరిగి వెళ్లిపోతుంది. అది ఖాళీ చేసిన చోటులోకి కరిగిన ఇత్తడి దిగుతుంది. మొహెంజోదారో నర్తకి బొమ్మ పోత పోసింది ఈ పద్ధతిలోనే. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

చల్లారాక మట్టి అచ్చును సుత్తితో పగలగొడతారు. అదే అచ్చులో రెండో బొమ్మ రాదు. నల్లని మట్టి పెళ్లలు రాలుతుంటే గోండు దేవర ముఖం కాస్త కాస్తగా బయటపడుతుంది. బ్రష్షుతో రుద్దాక, కరిగిపోయిన ఆ మైనపు తీగల చారలన్నీ ఇత్తడి మీద వేలికి తగులుతాయి.